చూడి పిల్లిని గుర్తించడం ఎలా? చూసుకోవడం ఎలా?

ప్రశ్న: మా పిల్లికి ఏడాదిన్నర వయసు. పది రోజులుగా దాని చనుమొనలు ఉబ్బి గులాబీ రంగులో కనిపిస్తున్నాయి. ఒకటి రెండు సార్లు వాంతి చేసుకుంది, ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ తింటోంది. ఇది చూడితో ఉన్నట్టేనా? వచ్చే నెల మా అమ్మాయి పురిటికి వస్తోంది. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి ఉండకూడదని, దాన్ని సంచిలో వేసి నాగావళి అవతల వదిలేసి రమ్మని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందుగా ఒక మనవి, చూడితో ఉన్న పిల్లిని దయచేసి ఎక్కడా వదిలిపెట్టకండి. తెలియని చోట తిండీ చాటూ దొరక్క తల్లీ పిల్లలూ చనిపోయే ప్రమాదం ఉంది.

మీరు రాసిన లక్షణాలు చూడినే సూచిస్తున్నాయి. పిల్లి చూడి కట్టిన సుమారు మూడో వారంలో చనుమొనలు ఉబ్బి రంగు తేరుతాయి, వాటి చుట్టూ వెంట్రుకలు పలచబడతాయి. తొలిచూలులో ఈ మార్పు మరింత స్పష్టంగా తెలుస్తుంది. పొట్ట మాత్రం అయిదో వారం దాటితే గాని బయటపడదు. చూడికాలం సుమారు 63 నుంచి 65 రోజులు కనుక, మీ లెక్క ప్రకారం ఇంకా నెల పైచిలుకు గడువు ఉంది. అయితే కడుపులో పురుగులున్నా, నీరు చేరినా కూడా పొట్ట పెరుగుతుంది కాబట్టి ఒకసారి పశువైద్యుడికి చూపించండి. గరివిడి పశువైద్య కళాశాల మీకు మరీ దూరం కాదు. పిల్లలున్నాయో లేదో చూద్దామని ఇంట్లో పొట్ట నొక్కవద్దు, గర్భం పోయే ప్రమాదం ఉంది.

తిండి విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు పాలన్నం మీదే వదిలేయడం. పెద్ద పిల్లుల్లో చాలా వాటికి ఆవుపాలు అరగక విరేచనాలవుతాయి. ఉడికించి ముళ్లు తీసిన చేప, కోడిమాంసం, గుడ్డు పెట్టండి. వీలైతే పిల్లికూనల కోసం అమ్మే ఆహారాన్ని చివరి వారాల్లోనూ పాలిచ్చినన్నాళ్లూ ఇవ్వండి. కడుపులో పిల్లలు పెరిగేకొద్దీ ఒకేసారి ఎక్కువ తినలేదు, అందుకే కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు కలపకూడదు, అవి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. నలతగా ఉందని పారాసిటమాల్ బిళ్ల వేయడమంటే ప్రాణం తీయడమే. నేల తుడిచే ఫినాయిల్ కూడా పిల్లికి విషం, అది తడిపాదాలు నాకినప్పుడు లోపలికి పోతుంది.

చివరి వారంలో అటకమీదో, గోనెసంచుల వెనకో చోటు వెతుక్కుంటుంది. అంతకుముందే ఒక అట్టపెట్టెలో పాత నూలు చీర పరచి, జనసంచారం లేని మూల ఉంచి అలవాటు చేయండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు, కాని పదేపదే తొంగిచూసి, చేతుల్లోకి తీసుకుని బెదరగొట్టినప్పుడే అది ఎక్కువగా చోటు మారుస్తుంది. ఈనేటప్పుడు పక్కన గుంపు చేరకుండా దూరం నుంచి గమనించండి. ఒక్కో పిల్ల మధ్య పది నిమిషాల నుంచి గంట వరకు వ్యవధి సహజం, మాయను తల్లి తినేయడమూ సహజమే. కాని అరగంట గట్టిగా ముక్కినా పిల్ల బయటికి రాకపోయినా, పిల్ల సగం వచ్చి ఇరుక్కున్నా, తొలి పిల్ల రాకముందే ఆకుపచ్చ స్రావం కనిపించినా, రక్తం ధారగా పోతున్నా తెల్లవారే దాకా ఆగకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక మీ అత్తగారి భయం. గర్భిణులకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో ఉండవచ్చన్నది నిజమే. అయితే పిల్లి చూడికీ దానికీ సంబంధం లేదు. మలంతో బయటపడ్డ ఆ జీవి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, అందువల్ల రోజూ శుభ్రం చేస్తే ముప్పు చాలావరకు తప్పుతుంది. ఆ పని మీ అమ్మాయికి కాకుండా ఇంట్లో వేరొకరికి అప్పగించండి, పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి. సరిగా ఉడకని మాంసం నుంచి, కడగని కూరగాయల నుంచి కూడా ఇది సోకుతుంది కాబట్టి వంటింట్లో శుభ్రత అంతకన్నా ముఖ్యమని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి.

పాలిచ్చే రోజుల్లోనే పిల్లి మళ్లీ ఎదకు వచ్చి చూడి కట్టవచ్చు. అందుకని అప్పటిదాకా బయటి మగపిల్లుల దగ్గరికి వెళ్లకుండా చూసి, పిల్లలు పాలు మానిన తరువాత, అంటే సుమారు ఎనిమిది వారాలకు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి వైద్యుడితో మాట్లాడండి.