జిమ్నీకి లిఫ్ట్: స్పేసర్లా, స్ప్రింగులా?

ఐదు తలుపుల మారుతి జిమ్నీ, వికారాబాద్ అడవి దారుల్లో కింద తగులుతోంది, బండి ఎత్తు పెంచడానికి, అంటే లిఫ్ట్‌కి, 2 అంగుళాల స్పేసర్లు (స్ప్రింగు పైన పెట్టే దిమ్మలు) వేయించాలా లేక స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ మొత్తం మార్పించాలా అని కదా మీ ప్రశ్న. నాదీ అదే బండి. ఉండేది విశాఖపట్నంలో. వీలు దొరికినప్పుడల్లా పాడేరు వైపో, మారేడుమిల్లి వైపో పోతుంటాను. మొదట స్పేసర్లు వేయించాను, ఎనిమిది నెలలకి పీకించేసి స్ప్రింగులు వేయించాను. లిఫ్ట్‌కి రెండుసార్లు డబ్బు కట్టినవాడు చెబుతున్నాడనుకుని చదవండి.

ముందు బండి కిందకి దూరి చూడండి. ‘కింద తగులుతోంది’ అంటే చాలదు, ఎక్కడ తగులుతోంది? గీతలు డిఫరెన్షియల్ (ఇరుసుకి ఉండే గేర్ల గుండు) ఉబ్బు మీద ఉన్నాయా, మధ్యలో ఛాసిస్ మీద ఉన్నాయా, బంపర్ అంచునా? దీన్నిబట్టే మిగతాదంతా. జిమ్నీకి ముందూ వెనకా రెండు చోట్లా ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే గట్టి ఇరుసు. లిఫ్ట్ వేస్తే ఛాసిస్, బాడీ పైకి లేస్తాయి గానీ ఇరుసు చక్రాలతోపాటు ఉన్నచోటే ఉంటుంది. 2 కాదు, 4 అంగుళాలు లేపినా డిఫరెన్షియల్ కింద ఒక్క మిల్లీమీటరు పెరగదు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పాడేరు దగ్గర ఒక గెడ్డలో ఎప్పుడూ గీసుకునే రాయి ఒకటుంది. లిఫ్ట్ వేయించిన వారానికి ధీమాగా దాని మీదకి పోనిచ్చాను. అదే చోట, అదే గర్రుమనే చప్పుడు. దిగి చూస్తే పాత గీత పక్కనే కొత్త గీత.

ఇరుసు లేవాలంటే టైరే పెద్దది కావాలి. కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. 215/75 వేస్తే 703 దాటుతుంది, అంటే ఇరుసు కింద పెరిగేది అందులో సగం, 5 మిల్లీమీటర్లు. 235/75కి వెళ్తే 20 వస్తుంది. కాకపోతే అంత టైరు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకోవచ్చు, స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి దాదాపు 85లో పోతుంటుంది, పైగా మన ఇంజను ఇచ్చేది 134 న్యూటన్ మీటర్లే కాబట్టి ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేరు తగ్గించుకోవాల్సి వస్తుంది. నేను 215 దగ్గరే ఆగాను.

మరి లిఫ్ట్ దండగా అంటే, కాదు. ఐదు తలుపుల బండిలో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం మూడు తలుపుల దానికన్నా 340 మిల్లీమీటర్లు ఎక్కువ. గట్టు ఎక్కి దిగేటప్పుడు పొట్ట ఆనేది అందుకే. మీ గీతలు మధ్యలో ఉంటే లిఫ్ట్ నిజంగానే పనికొస్తుంది. ఎత్తుగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని అయినా సరే, అదీ ఒక కారణమే. నా మొదటి లిఫ్ట్‌కి సగం కారణం అదే, ఇంట్లో మాత్రం వేరేలా చెప్పాను.

ఇక స్పేసర్ల సంగతి. స్ప్రింగు పైన ఒక దిమ్మ పెట్టి బండిని లేపుతారు, షాక్ అబ్జార్బరు పాతదే. దాని పొడవు పెరగలేదు కాబట్టి చక్రం కిందకి వేలాడాల్సిన చోట వేలాడలేదు. నా బండిలో స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనక నుంచి ‘టక్’ మని వినపడేది. షాక్ చివరిదాకా సాగి ఆగిపోతున్న చప్పుడు అది. స్టీరింగ్ తేలికైపోయింది, హైవే మీద బండి గాలికి అటూ ఇటూ నడిచేది. ఒకసారి ఫ్లైఓవర్ జాయింట్ మీద 70లో వెళ్తుంటే ముందు చక్రాలు రెండూ దడదడా ఊగిపోయాయి. స్టీరింగ్ చేతుల్లో నిలవలేదు. 30కి తగ్గించేదాకా ఆగలేదు. పక్కన మా ఆవిడ ఉంది, ఆ సాయంత్రం గురించి ఇంతకన్నా రాయను.

బండి లేచినప్పుడు ముందు ఇరుసు కాస్త తిరుగుతుంది, దాంతో కాస్టర్ కోణం తగ్గుతుంది. స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడం ఆ కోణం వల్లే. దాన్ని సరిచేసే బుష్‌లు దొరుకుతాయి, అడిగి వేయించుకోండి. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్‌కి పెట్టే చిన్న షాక్ అబ్జార్బరు) వేస్తే ఊగుడు పోతుందని అంటే నమ్మకండి, కాసేపు దాగుతుంది అంతే. ఇంకోటి, ఇరుసుని ఛాసిస్‌కి అడ్డంగా పట్టి ఉంచే లాటరల్ రాడ్ పొడవు మారదు కాబట్టి, బండి లేస్తే ఇరుసు ఒక పక్కకి జరుగుతుంది. పొడవు సర్దుకునే రాడ్ వేస్తే మధ్యకి వస్తుంది. స్టీరింగ్ చక్రం వంకరగా నిలిస్తే డ్రాగ్ లింక్ (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీ) దగ్గర సరిచేయించండి, లేకపోతే మలుపులో లేకపోయినా ఉన్నామనుకుని ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) బ్రేకు పట్టేస్తుంది.

నా సలహా: 40 మిల్లీమీటర్లు, స్ప్రింగులూ షాక్‌లూ కలిపి ఒక సెట్‌గా. దాన్ని మించితే ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటూ పోవాలి. స్ప్రింగు ఎంచుకోవడం బరువుని బట్టి. కూలెంట్ డబ్బా, జాకీ, రికవరీ తాడు, పైన క్యారియర్, మనుషులు, మీరు మామూలుగా ఎలా వెళ్తారో అలా బండి నింపి, ఫుల్ ట్యాంక్ కొట్టించి, చదునైన చోట ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఖాళీ బండికీ కొలవండి. ఎక్కువ బరువుకి చేసిన స్ప్రింగులు ఖాళీ బండికి వేస్తే, చెప్పిన 40 కాస్తా 55 అయ్యి, గుంతలో పడ్డప్పుడల్లా నడుం విరుగుతుంది. ఇంకో మాట, విదేశీ కిట్‌లు చాలావరకు మూడు తలుపుల బండిని చూసి చేసినవి. మనది దాదాపు 100 కిలోలు బరువెక్కువ. ‘జిమ్నీకి సరిపోతుంది’ అంటే ఏ జిమ్నీకి అని అడగండి.

చట్టం సంగతి కూడా తెలిసి దిగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇది అడ్డు పడొచ్చు. పాత స్ప్రింగులు పారేయకండి, అటక మీద పెట్టుకోండి.

బిగించే రోజు మీరు అక్కడే నిలబడండి. హెడ్‌లైట్లు కిందకి దింపించండి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి. బ్రేకు గొట్టాలు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు లాగుతున్నాయేమో చూడండి. ఇరుసుని ఛాసిస్‌కి కలిపే ఆర్మ్‌ల రబ్బరు బుష్ బోల్టులు మాత్రం బండి నేల మీద, తన బరువు మీద నిలబడ్డాకే చివరగా బిగించాలి. జాకీ మీద ఉండగానే బిగిస్తే రబ్బరు మెలితిరిగిన చోటే బిగుసుకుని కొన్నాళ్లకే చిరుగుతుంది. నాకు మొదటిసారి అలాగే చేశారు. మెకానిక్ స్పానర్‌తో కిందకి దూరితే, చక్రాలు నేల మీద ఉన్నాయో లేదో చూడండి.