అమెరికా శివారు మాల్స్‌లో పెద్ద స్టోర్లకు అద్దె ఎందుకు తక్కువ?

అమెరికా శివారు మాల్స్‌లో డిపార్ట్‌మెంట్ స్టోర్లు, అంటే రకరకాల వస్తువులు ఒకేచోట అమ్మే పెద్ద స్టోర్లు, చదరపు అడుగుకు చిన్న దుకాణాల కంటే చాలా తక్కువ అద్దె చెల్లించడానికి కారణం, మాల్‌కు జనాన్ని రప్పించే పనిని చాలావరకు అవే చేయడం. పెద్ద స్టోరు కోసమే కారులో అంత దూరం వచ్చిన కొనుగోలుదారు, అక్కడి నుంచి రెండో పెద్ద స్టోరుకు నడిచేటప్పుడు చెప్పులు, నగలు, పుస్తకాలు అమ్మే దుకాణాలను దాటుకుంటూ వెళ్లాలి. ఆ రాకపోకల విలువను మాల్ యజమాని చిన్న దుకాణాల అద్దెలో రాబట్టుకుంటాడు. పెద్ద స్టోర్లను ఎక్కువగా మాల్‌కు చెరో కొసన ఉంచేదీ ఇందుకే.

మినియాపొలిస్ శివారైన ఈడైనాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ సెంటర్‌ను చూడవచ్చు. ఆర్కిటెక్ట్ విక్టర్ గ్రూయెన్ రూపకల్పన చేసిన ఈ మాల్‌ను నిర్మించిన డేటన్ సంస్థ, తన స్టోరుతో పాటు ప్రత్యర్థి అయిన డొనాల్డ్‌సన్స్‌కూ అదే కప్పు కింద చోటిచ్చింది. పైకి వింతగా తోచినా, రెండు పెద్ద స్టోర్ల మధ్య తిరిగే జనం చిన్న దుకాణాలను దాటుకుంటూ వెళ్తారు కాబట్టి ఇది లెక్క తెలిసిన వ్యాపారమే.

ఎక్కువ స్థలం తీసుకున్నందుకు టోకు ధరలా రాయితీ దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. స్థలం పరిమాణానికి బేరంలో కొంత పాత్ర ఉన్నా, అసలు కారణం అది కాదు. చాలా మాల్స్‌లో పెద్ద స్టోరు తన భవనానికి తానే యజమాని, అంటే అద్దె ప్రసక్తే లేదు. పైగా చిన్న దుకాణాల లీజుల్లో తరచుగా కనిపించే కో-టెనెన్సీ నిబంధన ప్రకారం, పెద్ద స్టోరు మూతపడితే అవి అద్దె తగ్గించుకోవచ్చు, కొన్ని సందర్భాల్లో లీజునే రద్దు చేసుకోవచ్చు.