ముక్కుకు గీత లేదు, చూశావా?

ప్రశ్న: మాస్టారూ, మాది గుణుపురం. నాకు పంతొమ్మిదేళ్లు. ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుందామని, డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన ముత్యపు లోలాకు అమ్మాయి బొమ్మను ఫోన్‌లో చూస్తూ మూడడుగుల కాన్వాస్ మీద వేస్తున్నాను. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ ముఖం బురద రంగుకి తిరిగింది. ఈ వానలకి రంగు వారమైనా ఆరట్లేదు. పైగా వెనక భాగం ఒక ఫొటోలో నల్లగా, ఇంకోదానిలో ఆకుపచ్చగా కనబడుతోంది. ఏది నమ్మాలి?
– ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, నేనూ ఆ పిల్లతో కుస్తీ పట్టినవాణ్ణే. రాయగడలో ముప్పై ఏళ్లు షాపు బోర్డులు రాశాను, పైన ఒడియా, కింద తెలుగు. అక్షరాలు రాసే చెయ్యి కదా, ఆ అమ్మాయి ముక్కుకి కూడా చక్కగా గీత గీసేశాను. మా ఆవిడ చూసి, "పాపం, ఈ పిల్లకి జలుబు చేసిందా?" అంది.

అసలు బొమ్మలో ముక్కు దూలానికి గీత లేదు. ముక్కు మీది వెలుగు, అవతలి చెంప మీది వెలుగు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ముక్కు ఉందని మనకి తెలుసు కాబట్టి గీసేస్తాం. ముత్యమూ అంతే. దానికి కొక్కెం లేదు, చుట్టూ గీత లేదు. పైన ఓ తెల్లటి మచ్చ, కింద తెల్ల కాలరు ప్రతిబింబం, అంతే.

ఇక బురద సంగతి. తడి రంగు మీద తడి రంగు పూసి, నీడ కోసం నలుపు కలిపి ఉంటావు. ఈసారి బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు ఒక్కటే తీసుకో. టర్పెంటైన్‌తో పల్చగా చేసి కాన్వాస్ అంతా పూయి. వెలుగు ఉన్నచోట పాత గుడ్డతో తుడిచెయ్. ముఖమంతా ఆ ఒక్క రంగులోనే తేలాలి. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది, అందుకని తొందరగా ఆరుతుంది. టైటానియం వైట్‌కి ఆ తొందర లేదు. ఆరాకే చర్మం రంగులు మొదలుపెట్టు. నీడకి నలుపు మానేసి అంబర్, అల్ట్రామెరైన్ అనే నీలం కలుపు.

నూనె రంగు ఆరడమంటే బట్టలు ఆరినట్టు కాదు. గాలిలోని ఆక్సిజన్ పట్టి రంగులోని లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) గట్టిపడాలి. బొమ్మని వెలుతురూ గాలీ తగిలే గదిలో ఉంచు, బీరువా వెనక దాచకు. కింది పొరలో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పగుళ్లు వస్తాయి. (నాకు తెలిసిన ఒకాయన అసలు బొమ్మలోని పగుళ్లని కూడా సన్న బ్రష్షుతో వేశాడు. ఓపిక ఉంది, ఏం చేస్తాం!) నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరెయ్.

వెనక రంగు విషయంలో నీ అనుమానం మంచిదే. 1665 ప్రాంతంలో ఆ బొమ్మ వేసినప్పుడు వెనక నల్లటి పూత మీద ఆకుపచ్చ పొర ఉండేది. ఒక మొక్క నుంచి తీసిన పసుపు, నీలిమందు కలిపిన పల్చటి పూత అది. ఏళ్లు గడిచి వెలిసిపోయింది. ఇప్పుడు కనబడేది నలుపే, నువ్వూ అదే వెయ్యి. అసలు బొమ్మ ఉన్న, నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరపు మౌరిట్స్‌హౌస్ మ్యూజియం సైట్‌లో పెద్ద ఫొటో ఉంది. దాన్నే ప్రింటు తీయించు, ఒక్కదాన్నే నమ్ము.

మూడడుగుల కాన్వాస్ ఎందుకమ్మా? అసలు బొమ్మ 44.5 సెంటీమీటర్ల ఎత్తు, 39 వెడల్పు, బియ్యం చెరిగే చేటంత. అదే కొలతలో వేస్తే బ్రష్షు ఎంత సాగిందో అర్థమవుతుంది. ప్రింటునీ కాన్వాస్‌నీ తలకిందులుగా పెట్టి మొదలుపెట్టు. అప్పుడు ముక్కు అని గుర్తురాదు, నీడే కనబడుతుంది.

ముత్యాన్ని మాత్రం ఆఖరి రోజుకి అట్టేపెట్టు. రెండు నిమిషాల పని.