ఫ్రీగా దొరికిన సాఫ్ట్‌వేర్‌కి సోర్స్ ఎందుకివ్వాలి?

ప్రశ్న: మాది చిన్న కంపెనీ. రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంతుందో చూసి ఏరేటర్లను (నీళ్లలో గాలి కలిపే యంత్రాలను) దానంతటదే ఆన్, ఆఫ్ చేసే పెట్టె తయారుచేసి అమ్ముతున్నాం. లోపల నడిచేది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాంతో వాడే చిన్న ప్రోగ్రాంల మూట బిజీబాక్స్. బోర్డూ, దాంతో వచ్చిన సాఫ్ట్‌వేరూ చైనాలోని షెన్‌జెన్ నుంచి తెప్పించినవి. మా దగ్గర పెట్టె కొన్న రైతు గారబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడట, ‘ఇందులో జీపీఎల్ అనే లైసెన్స్ కింద వచ్చిన కోడ్ ఉంది, దాని సోర్స్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) పంపండి’ అని మెయిల్ పెట్టాడు. ఫ్రీగా దొరికేదే కదా, మేమెందుకివ్వాలి? ఇస్తే మా ప్రోగ్రాం కూడా బయటపడిపోతుందని పార్ట్‌నర్లకు టెన్షన్.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఇవ్వాలండి. అడిగే హక్కు ఆ కుటుంబానికి ఉంది.

లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం), బిజీబాక్స్ రెండూ 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్ కింద వచ్చేవే. పైసా కట్టక్కర్లేదు గానీ ఒక షరతుంది. ఆ ప్రోగ్రాంను ఇంకొకరి చేతికిచ్చినప్పుడు దాని సోర్స్ కూడా వాళ్లకు అందాలి, పెట్టె అమ్మారంటే ప్రోగ్రాం చేతికిచ్చినట్టే. సోర్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టెతో పాటే ఇచ్చేయొచ్చు, లేదంటే ‘అడిగితే ఇస్తాం’ అని కనీసం మూడేళ్లు చెల్లేలా రాసివ్వొచ్చు. రాసివ్వడమే తేలికని చాలామంది అటు పోతారు, కానీ అలా రాసిచ్చాక మీ పెట్టె కొననివాడు అడిగినా ఇవ్వాల్సిందే, అదీ పంపే ఖర్చుకు మించి ఒక్క రూపాయి తీసుకోకుండా. పెట్టెతోనే ఇచ్చేస్తే కొన్నవాళ్ల దగ్గరే మీ బాధ్యత తీరిపోతుంది. నన్నడిగితే కొత్త పెట్టెలకు అదే చేయండి, ఇప్పటికే అమ్మిన వాటికి అడిగినవాళ్లందరికీ పంపేయండి.

సోర్స్ అంటే లినక్స్ సైట్ లింకు పంపడం కాదు. మీ పెట్టెలో ఉన్న అదే వెర్షన్, బోర్డు వాళ్లు కెర్నల్‌లో చేసిన మార్పులు, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు, కంపైల్ చేసి (మెషీన్ నడిపే రూపంలోకి మార్చి) ఎక్కించే స్క్రిప్టులు, అన్నీ ఉండాలి. ఇంకో కంప్యూటర్ మీద వాటితో బిల్డ్ చేసి చూడండి, ఎక్కడ ఆగిందో అక్కడ ఏదో తక్కువైనట్టు. షెన్‌జెన్ వాళ్లు ఇవ్వలేదంటే కుదరదు, అమ్మింది మీరు కాబట్టి జవాబుదారీ మీదే. ఈసారి బోర్డుకు అడ్వాన్స్ కట్టకముందే సోర్స్ ఇస్తారో లేదో తేల్చుకోండి, ఇవ్వనంటే ఆ బోర్డే వద్దు.

ఇక మీ సొంత ప్రోగ్రాం సంగతి. ఏరేటర్ ఎప్పుడు తిప్పాలో లెక్కగట్టే ఆ కోడ్ విడిగా ఉండి, మామూలు సిస్టమ్ కాల్స్‌తోనే (ప్రోగ్రాంలు కెర్నల్‌ను పని అడిగే పద్ధతి) కెర్నల్‌ను వాడుకుంటుంటే అది మీదే, ఎవరికీ చూపించక్కర్లేదు. ఈ మాట లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్సే కెర్నల్ లైసెన్స్‌తో పాటు రాసిపెట్టాడు. కానీ రీడ్‌లైన్ లాంటి జీపీఎల్ లైబ్రరీని (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ను) మీ ప్రోగ్రాంలో కలిపి ఉంటే లెక్క మారిపోతుంది, మీ కోడ్ కూడా ఇవ్వాల్సి రావొచ్చు, అదొక్కటి ఇవాళే చూసుకోండి. సెన్సర్ కోసం కెర్నల్ లోపల డ్రైవర్ (ఆ పరికరాన్ని నడిపే కోడ్) రాసుకుని ఉంటే దాని సోర్స్ కూడా ఇచ్చేయడమే క్షేమం.

పెద్ద కంపెనీలూ ఇక్కడే ఇరుక్కున్నాయి. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉన్నట్టు 2003లో బయటపడింది, సిస్కో ఆ కంపెనీని కొన్నది కూడా ఆ ఏడాదే. ఒత్తిడి వస్తే సోర్స్ విడుదల చేశారు, ఆ కోడ్ మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ పుట్టి ఇప్పటికీ ఎన్నో రౌటర్లలో నడుస్తోంది. అయినా మిగతా లింక్‌సిస్ సరుకు విషయం తెగక 2008 డిసెంబర్‌లో జీపీఎల్‌ను తెచ్చిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కేసు వేసింది. మరుసటి ఏడాది రాజీ కుదిరి, లింక్‌సిస్‌లో లైసెన్సులు చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక డైరెక్టర్‌ను పెట్టడానికి, ఫౌండేషన్‌కు కొంత సొమ్ము ఇవ్వడానికి సిస్కో ఒప్పుకుంది.

జీపీఎల్ రెండో వెర్షన్‌లో షరతు తప్పితే వాడుకునే హక్కు దానంతటదే పోతుంది. మన 1957 కాపీరైట్ చట్టం కింద ప్రోగ్రాం కూడా సాహిత్య రచనే, తెలిసి తెలిసి ఉల్లంఘిస్తే జైలు శిక్ష కూడా ఉంది. అంతదాకా ఎందుకు, ఆ అబ్బాయికి ఈ వారమే జవాబు రాయండి, కాస్త టైమ్ అడగండి. ఇలాంటివి చాలావరకు మెయిల్స్‌తోనే తేలిపోతాయి, ముదిరేది జవాబివ్వకుండా నాన్చినప్పుడే.

ప్రశ్న: కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో దొరికిన కోడ్‌ను మా యాప్‌లో పెట్టుకున్నాం. అందులో లైసెన్స్ ఫైలే లేదు. అంటే ఎవరైనా వాడుకోవచ్చనేగా?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: కాదమ్మా. లైసెన్స్ లేదంటే హక్కులన్నీ రాసినవాళ్లవే. గిట్‌హబ్‌లో చూడొచ్చు, అక్కడే ఫోర్క్ (మీ ఖాతాలోకి కాపీ) చేసుకోవచ్చు, అంతే. లైసెన్స్ పెట్టమని వాళ్లకు మర్యాదగా రాయండి, చాలామంది సంతోషంగా పెడతారు. ఎంఐటీ లైసెన్స్ (పెద్దగా షరతుల్లేనిది) పెట్టారనుకోండి, వాళ్ల కాపీరైట్ లైను, లైసెన్స్ పాఠం మీ యాప్‌లో ఎక్కడో ఒకచోట కనిపించాలి. చిన్న పనే, అయినా ఎక్కువమంది వదిలేసేది ఇదే.

ప్రశ్న: పెళ్లి కార్డులకు రామరాజ, సురన్న, మండలి ఫాంట్లు వాడుతున్నాం. డబ్బులు కట్టాలా?
– డీటీపీ షాపు, గుంటూరు

జవాబు: అక్కర్లేదు. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చినవి. కార్డులు అచ్చువేసి అమ్ముకోండి, కార్డు మీద ఫాంట్ పేరు కూడా వేయక్కర్లేదు. ఫాంట్ ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు. అక్షరాలు మార్చి కొత్త ఫాంట్ చేస్తే దాన్ని కూడా ఇదే లైసెన్స్ కింద ఇవ్వాలి.