ఆ ‘పి’ ఏ మూలన ఉందో చూడు

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి పెద్దవి చేసుకుని చాలాసేపు చూశాను. ఊదా రంగులో తెల్లటి చారలు కలిసిపోయిన ఆ గాజు చక్కెర గిన్నె ఎంత బాగుందో! కానీ అది 1851 నాటిదని నీకు అమ్మినాయన చెప్పిన మాట మాత్రం తప్పు.

అడుగున ఉన్న డైమండ్ ఆకారపు గుర్తును, అంటే కొసల మీద నిలబెట్టిన చతురస్రం లాంటి దాన్ని, బ్రిటన్‌లో 1842 నుంచి 1883 దాకా డిజైన్ రిజిస్టర్ చేయించిన వస్తువుల మీద వేసేవాళ్లు. పై కొసన చిన్న సున్నాలో రోమన్ మూడు ఉంటే గాజు అని అర్థం. చిక్కంతా సంవత్సరాన్ని సూచించే ఇంగ్లీషు అక్షరంతోనే. ‘పి’ అంటే 1851 కావచ్చు, 1877 కూడా కావచ్చు. 1867 దాకా ఆ అక్షరం పై మూలన, సున్నా కిందే ఉండేది, 1868 నుంచి దాన్ని కుడి మూలకి జరిపి పైన తేదీ అంకె పెట్టారు. నీ గిన్నె మీద ‘పి’ కుడివైపు ఉంది. పక్కనే నెమలి తల కూడా ఉంది చూడు, అది ఇంగ్లండులోని గేట్స్‌హెడ్ ఊళ్లో గాజు సామాను చేసిన సోవర్బీ కంపెనీ వాళ్ల ముద్ర, 1876లో మొదలైంది. 1851 నాటి గిన్నె మీదకి అది ఎలా వస్తుంది?

అయితే 1877 అనేది డిజైన్ రిజిస్టరైన ఏడాది, నీ గిన్నె తయారైన ఏడాది అనుకోకు. ఇనప అచ్చు ఒకసారి చేయించాక సరుకు పోతున్నంత కాలం దాన్ని వాడుతూనే ఉంటారు. 1884 నుంచి డైమండ్ పోయి ఉత్త రిజిస్ట్రేషన్ నంబర్లు వచ్చాయి. అవి 1 నుంచి మొదలయ్యాయి కాబట్టి నంబరును బట్టి ఏడాది పట్టుకోవడం తేలిక.

ఏ గుర్తూ లేకపోతే కళ్లకన్నా వేళ్లని నమ్ము. నీ గిన్నె లాంటి ప్రెస్డ్ గ్లాస్, అంటే నొక్కి చేసిన గాజు అయితే, కరిగిన గాజుని అచ్చులో పోసి పైనుంచి దిమ్మెతో నొక్కుతారు కాబట్టి డిజైన్ బయటే ఉంటుంది, లోపల నున్నగా తగులుతుంది. డిజైన్ గుంటలు లోపలివైపు కూడా తగిలాయంటే అది అచ్చులోకి ఊదిన గాజు. కట్ గ్లాస్, అంటే డిజైన్ కోసి చెక్కిన గాజు, దాని అంచులు వేలికి గుచ్చుకుంటాయి, నొక్కి చేసినవాటివి కాస్త మొద్దుగా ఉంటాయి, అచ్చు ముక్కలు కలిసిన చోట సన్నటి గీత కూడా తగులుతుంది.

అడుగున గీతలు తప్పకుండా చూడాలి, నేను మోసపోయింది అక్కడే. మొదట్లో ఒక సంతలో విక్టోరియా రాణి కాలం నాటిదంటే ముచ్చటపడి ఒక పళ్లెం కొన్నాను. ఇంటికొచ్చి దీపం కింద తిప్పి చూస్తే గీతలన్నీ ఒకే వైపుకి, దువ్వెనతో దువ్వినట్టు ఉన్నాయి. గరుకు కాగితం పెట్టి రుద్దారన్నమాట. ఏళ్ల తరబడి బల్ల మీద అటూ ఇటూ జరిగిన గాజుకి గీతలు ఎటు పడితే అటు ఉంటాయి. ఆ రోజు చాలా బాధపడ్డాను, డబ్బుకన్నా నమ్మినందుకు.

అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే పచ్చగా మెరిసింది కాబట్టి పాతదే అంటారు, ఒప్పుకోకు. అది గాజులో యురేనియం ఉందని చెబుతుందంతే, అలాంటి గాజు ఇరవయ్యో శతాబ్దంలోనూ చేశారు.

గిన్నెని మరిగే నీళ్లతో కడగకు, బీటలు వారుతుంది. డైమండ్ కింది మూల, నెల అక్షరం ఉండే చోటు, ఫోటోలో మసగ్గా ఉంది. మామూలు టార్చి ఏటవాలుగా పెట్టి ఇంకో ఫోటో తీసి పంపు, ఏ నెలో చూసి చెబుతాను.

పెదనాన్న