చిన్నీ, రోమియో జూలియట్‌ని బెజవాడకి తెచ్చే ముందు

చిన్నీ,

నువ్వు షేక్‌స్పియర్ నాటకం రోమియో జూలియట్‌ని మన బెజవాడ ఇంటర్ పిల్లల కథగా రాస్తున్నావని మీ అమ్మ ఆ పేజీలు పంపింది, కూర్చున్నచోటే చదివేశాను, చాలా సంతోషమేసింది తల్లీ. గుంటూరులో ఇన్నేళ్లు ఇంగ్లీష్ చెప్పి, యాన్యువల్ డేలకి పిల్లల చేత ఈ నాటకాలే వేయించినదాన్ని కదా, చెప్పకుండా ఉండలేక రాస్తున్నా.

పేర్లు మార్చావు, కత్తుల బదులు బైక్ గ్యాంగులు పెట్టావు, బాగానే ఉంది. ఉత్తరాల బదులు ఇన్‌స్టా మెసేజ్‌లు పెట్టావు చూడు, అక్కడ ఆగు. ఆ కథలో చివర ఇద్దరూ చచ్చిపోయే ఘోరమంతా ఒక్క ఉత్తరం అందకపోవడం వల్లే కదా. జూలియట్ చావలేదు, చచ్చినట్టు కనపడే నిద్రమందు తాగి పడుకుందంతే అని రాసిన ఉత్తరం తీసుకెళ్లాల్సిన సన్యాసిని ప్లేగు అనుమానంతో ఒక ఇంట్లో పెట్టి తలుపులేసేస్తారు, అందుకే రోమియోకి అసలు సంగతి తెలీదు. నీ కథలో ఇద్దరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఒక్క మెసేజ్‌తో తేలిపోయే దానికి అంత గొడవ ఎందుకు అంటారు చదివేవాళ్లు. కాబట్టి ఈ రోజుల్లో ఆ ఇద్దరి మధ్య కబురు ఎక్కడ ఆగిపోద్దో ముందు అది వెతుకు. నీ కళ్లముందే ఉంది, మీ రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్! ఫోన్ ఉండదు, ఔటింగ్ ఎప్పుడిస్తారో తెలీదు, ఇంటికి ఫోన్ చేయాలన్నా వార్డెన్ పక్కనే నించుంటుంది. బాల్కనీ సీన్‌కి బాల్కనీ కూడా అక్కర్లేదు, మూడో అంతస్తులో గ్రిల్ వేసిన కిటికీ చాలు.

మూలం మార్చేస్తే తప్పేమో అని భయపడకు. షేక్‌స్పియర్ కూడా కొత్తగా పుట్టించలేదు, 1562లో ఆర్థర్ బ్రూక్ రాసిన కావ్యాన్ని తీసుకున్నాడు. అందులో జూలియట్‌కి పదహారు, కథ నెలల తరబడి సాగుద్ది, ఈయన పద్నాలుగు కూడా నిండని పిల్లని చేసి మొత్తం ఐదు రోజుల్లోకి కుదించేశాడు, ఆ తొందరే నాటకానికి ప్రాణం. నువ్వు కూడా నెలలు వద్దు, మే నెలలో ఈఏపీసెట్ ముందు ఆఖరి వారం తీసుకో. నాటకం జరిగే వెరోనా ఊరి వీధుల్లో కత్తిపోట్ల ముందు రోమియో స్నేహితుడు బెన్వోలియో ఈ ఎండలకి రక్తం పిచ్చెక్కిపోద్ది, ఇంటికెళ్దాం పద అంటాడు, మన బెజవాడ మే ఎండ తెలిసినవాళ్లకి అది వివరించక్కర్లేదు. నాటకంలో వాళ్లిద్దరూ చేసుకునే దొంగ పెళ్లి మాత్రం ఇక్కడ కుదరదు, అమ్మాయికి పద్దెనిమిది అబ్బాయికి ఇరవై ఒకటి నిండాలి. దానంత బరువున్నది ఇంకోటి కావాలి, ఔటింగ్‌లో నెట్ సెంటర్‌కెళ్లి ఇద్దరూ ఇంట్లో చెప్పకుండా ఒకే దూరపు యూనివర్సిటీకి అప్లై చేసేశారనుకో, మళ్లీ వెనక్కి తీసుకోవడం కష్టమైన పని.

పగ సంగతి. రెండు కుటుంబాలకి ఎందుకు పడదో షేక్‌స్పియర్ చెప్పడు, పాత పగ అంటాడంతే. నువ్వు బిజినెస్ గొడవ అని రాశావు, వద్దమ్మా, అది తప్పించుకోవడం. మన కృష్ణా గుంటూరుల్లో కొత్తమనిషి కనపడితే ఇంటిపేరేంటి, ఏ ఊరు అని అడుగుతారు, ఆ రెండిటితో కులం తేల్చేసుకుంటారు. కిటికీ దగ్గర జూలియట్ వదులుకోమని అడిగేది కూడా ఆ ఇంటిపేరునే కదా! ఏ కులాన్నీ తిట్టకుండా, ఎవర్నీ విలన్ని చేయకుండా, ఆ ప్రశ్న అడిగినప్పుడు పిల్లాడి మొహం ఎలా మారిందో రాయి.

జూలియట్‌ని పెంచిన దాది, ఆ నర్స్‌ని మాత్రం నువ్వు కామెడీకి వాడేశావు, నాకు బాధేసింది. ఆవిడే కబుర్లు మోస్తుంది, చివరికొచ్చేసరికి ఇంట్లోవాళ్లు చూసిన పెళ్లికొడుకు పారిస్ బంగారంలాంటి కుర్రాడు, అతన్నే చేసేసుకో అనేస్తుంది. ఆ ఒక్క మాటతో జూలియట్ ఒంటరిదైపోద్ది, ఇంక ఎవరికీ ఏమీ చెప్పదు. నా లెక్కలో నాటకం మొత్తానికీ అతి కష్టమైన చోటు అదే. హాస్టల్ ఆయమ్మో, రూమ్మేటో, ఇన్నాళ్లూ కాపలా కాసిన మనిషి వదిలెయ్యవే అని మెల్లగా అంటే ఎలా ఉంటుందో ఆలోచించు.

శకుంతల కథ కూడా రాద్దామనుకుంటున్నావంటగా, భారతంలో ఉంగరమూ లేదు శాపమూ లేదు, దుష్యంతుడికి అన్నీ గుర్తున్నా జనం ఏమనుకుంటారో అని సభలో నువ్వెవరో తెలీదంటాడు, ఉంగరం, శాపం కాళిదాసు తెచ్చినవి. ఫ్రెండ్స్ ముందు తెలీనట్టు నటించే కుర్రాడు కావాలంటే భారతంలోదే తీసుకో.

ఇంక ముగింపు. ఇద్దర్నీ చంపొద్దు చిన్నీ, బతిమాలుతున్నా. రిజల్ట్స్ రోజుల్లో మన ఊళ్లలో ఎలాంటి వార్తలు వింటామో నీకు తెలుసు, నీ కథ చదివేది ఆ వయసు పిల్లలే, చావుని ప్రేమకి రుజువులా చూపించకు. 1957లో ఈ కథనే న్యూయార్క్ కుర్ర గ్యాంగుల మధ్యకి తెచ్చిన వెస్ట్ సైడ్ స్టోరీ అనే పాటల నాటకంలో జూలియట్ లాంటి పిల్ల మరియా బతికే ఉంటుంది, ఎదురుగా నిలబడి రెండు గ్యాంగుల్నీ నిలదీస్తుంది. అక్కడ ప్లేగు కూడా లేదు, కబురు చెప్పడానికొచ్చిన మరియా స్నేహితురాలు అనీటాని అవతలి గ్యాంగ్ అవమానిస్తే ఆ కోపంలో మరియా చచ్చిపోయిందని అబద్ధం చెప్పేస్తుంది, అంటే కబురు ఆగింది మనుషుల ద్వేషం వల్ల. నీ కథలో దేనివల్ల ఆగుద్దో నువ్వే తేల్చుకోవాలి, వార్డెన్ వల్లా, నాన్న వల్లా, భయపడ్డ ఫ్రెండ్ వల్లా.

రాత్రుళ్లు మేలుకుని రాయకు, ఫిజిక్స్ కూడా చూసుకో. ఈసారి గుంటూరు వచ్చేటప్పుడు ఆ ఆయమ్మ సీన్ ఒక్కటి తిరగరాసి పట్టుకురా, ముందు అదే చదువుతా.

మీ పెద్దమ్మ