వెనకకాలి పైగోరు గురించి అమ్మలుకు

చి. సౌ. అమ్మలుకు, మామయ్య ఆశీస్సులు.

నీ కుక్కపిల్ల కాళ్ళ ఫోటోలు అందాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి తారీఖు అడిగితే అక్కడి డాక్టర్లు, "ఎలాగూ మత్తు ఇస్తాం, నాలుగు కాళ్ళ పైగోళ్ళూ అప్పుడే తీసేద్దాం" అన్నారని రాశావు. ముందుకాళ్ళవి మాత్రం ముట్టుకోనివ్వకు. వెనకకాళ్ళవి తీయాలా వద్దా అన్నది నువ్వు వాటిని చేత్తో పట్టి చూశాకే తేలుతుంది. ఫోటోలు చూసి నేను చెప్పగలిగింది కాదు.

మామూలుగా కుక్కకు ముందుకాలికి అయిదు, వెనకకాలికి నాలుగు చొప్పున మొత్తం 18 గోళ్ళు ఉంటాయి. ముందుకాలి అయిదోది లోపలివైపు, నేలకు తగలకుండా కాస్త పైన ఉంటుంది. పైగోరు అంటే అదే, డాక్టర్లు డ్యూక్లా అనేది దాన్నే. మన బొటనవేలు ఉండాల్సిన చోట ఉన్న వేలు అది. వెనకకాలికి చాలా కుక్కల్లో అసలుండదు. కొన్నింటికి మాత్రం పుట్టుకతోనే వస్తుంది, మీదానికి వచ్చినట్టు. నేను పల్లెల్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇరవై గోళ్ళ కుక్కంటే గట్టిదని, కాపలాకు మంచిదని చెప్పి ఏరి మరీ పెంచుకున్నవాళ్ళను చూశాను. ఆ గోరు ఉన్నంత మాత్రాన దానికి బలమూ రాదు, బలహీనతా రాదు. జన్యువుల్లో చిన్న మార్పు, అంతే.

ముందుకాలి పైగోరు ఊరికే వేలాడేది కాదు. లోపల ఎముకలున్నాయి, కీలు ఉంది, పైనుంచి కండరాల స్నాయువులు (టెండన్లు) వచ్చి దానికి అతుక్కుంటాయి. కుక్క నిలబడినప్పుడు ఆ గోరుకు పనేమీ కనిపించదు. అది పరిగెత్తేటప్పుడు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూడు. మణికట్టు బాగా వంగి, పైగోరు నేలను తాకడం నీకే కనిపిస్తుంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు కాలు పక్కకు మెలికపడకుండా పట్టునిచ్చేది అదే. బొమికను రెండు కాళ్ళ మధ్య ఇరికించుకుని కొరికేటప్పుడు కూడా దాన్నే వాడుతుంది. అడ్డంకులు దూకే పోటీలకు కుక్కలను తయారుచేసేవాళ్ళను అడిగి చేసిన ఒక పరిశీలన 2018లో అమెరికాలో అచ్చయింది. ముందు పైగోళ్ళు లేని కుక్కల్లో మిగతా వేళ్ళకు దెబ్బలు ఎక్కువని అందులో తేలింది. యజమానులు చెప్పినదాని మీద ఆధారపడ్డ లెక్క కనుక దాన్నే వేదమనను. కానీ "ఎప్పటికైనా చిరుగుతుందేమో" అన్న భయంతో బాగున్న వేలిని ముందే కోసేయడానికి నేను ఒప్పుకోను. అక్కడ కోయడమంటే ఎముకను కీలు దగ్గర విడదీసి, రక్తనాళం కట్టి, బిగుతుగా ఉండే చర్మాన్ని లాగి కుట్టడం. గోరు కత్తిరించినంత తేలికేమీ కాదు.

గోరు మళ్ళీమళ్ళీ చీలిపోయి చీము పట్టినా, ఎముకకు ఇన్‌ఫెక్షన్ పాకినా, గోరు మొదట్లో గడ్డ లేచినా అప్పుడు తీయాల్సిందే. మీదానికి అవేవీ లేవు.

ఇక వెనకకాళ్ళ సంగతి. అది ఆడి అలిసిపోయి పడుకున్నప్పుడు పక్కన కూర్చో. ఒక చేత్తో కాలు పట్టుకుని, రెండో చేతి బొటనవేలు, చూపుడువేళ్ళతో ఆ పైగోరు మొదలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిలించు. చర్మం కింద గట్టిగా ఎముక తగిలి, అది కాలి ఎముకకు కీలుతో అతికినట్టు ఆగుతూ ఆగుతూ కదిలితే ఒక రకం. ఎటు తిప్పితే అటు తిరిగి, లోపల పిసరంత మెత్తని చర్మం తప్ప ఏమీ తగలకపోతే ఇంకో రకం. రెండు కాళ్ళూ చూడు, ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా ఉండడమూ కద్దు. ఎముకతో గట్టిగా, కాలికి ఆనుకుని ఉన్నదాన్ని వదిలెయ్. గోరు కత్తిరించుకుంటూ ఉంటే చాలు. చర్మంతో వేలాడేది మాత్రం మేకుకు తగులుకున్న చీరకొంగులా ఎప్పుడో ఒకప్పుడు చిరగొచ్చు. గొర్రెల వెంట తిరిగే కుక్కలకు సర్కారు తుమ్మ కంపలో ఇరుక్కుని చీరుకుపోయేవి, నెత్తురోడుతూ తీసుకొచ్చేవాళ్ళు. మీ అపార్ట్‌మెంట్‌లో తుమ్మ లేదు గానీ బాల్కనీకి పావురాల వల ఉంది, అది తక్కువది కాదు. టర్కీ టవల్ పోగులు, సోఫా కవర్లు కూడా అంతే. అలాంటి వేలాడే గోరైతే ఇప్పుడే, ఇదే మత్తులో తీయించెయ్. ఎముక పని లేదు కనుక చిన్న కోత, ఒకటి రెండు కుట్లతో అయిపోతుంది. దీనికోసమే విడిగా ఇంకోసారి మత్తు ఇప్పించడం దండగ.

లెస్టర్‌లో ఉన్న మీ అన్నయ్య "ఇక్కడ ఇది నేరం" అన్నాడని రాశావు. వాడు తోక కత్తిరింపుతో కలిపేసినట్టున్నాడు. ఇంగ్లండ్‌లో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం జంతువుల అవయవాలు కోయడాన్ని నిషేధించింది నిజమే. కానీ మినహాయింపులతో 2007లో వచ్చిన నిబంధనల్లో పైగోళ్ళ తొలగింపు ఉంది. పిల్ల కళ్ళు తెరిచాకైతే మత్తు తప్పనిసరి. కళ్ళు తెరవని పిల్లకు ఆ నియమం లేదు.

ఆ చివరి మాట దగ్గర నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. కుక్కలను పెంచి అమ్మేవాళ్ళు చాలామంది పిల్ల పుట్టిన మూడు నుంచి అయిదు రోజుల్లోపే, మత్తు లేకుండా కత్తెరతో తీసేస్తారు. అంత చిన్నదానికి నొప్పి తెలియదని ఒకప్పుడు అనుకునేవాళ్ళు. అరుపు విన్నవాడెవడూ ఆ మాట అనడు. కాలు నున్నగా కనిపించాలని, ప్రదర్శనలో బాగుండాలని ముందుకాళ్ళవీ తీసేస్తారు. చిత్రమేమిటంటే అదే ప్రదర్శనల్లో ఫ్రాన్సుకు చెందిన బ్రియార్డ్, బోసెరాన్ జాతులకు వెనకకాలికి జంట పైగోళ్ళు లేకపోతే పనికిరావని పంపేస్తారు. నార్వే లుండెహుండ్‌కైతే కాలికి కనీసం ఆరు వేళ్ళు. సముద్రపు కొండచరియలు ఎక్కి పఫిన్ పక్షులను పట్టడానికి పెంచిన కుక్క అది. కనుక ఏ గోరు ఉండాలి, ఏది పోవాలి అన్నది చాలాసార్లు అలవాటు మీద, అమ్మకం మీద నడుస్తుంది. నువ్వు కుక్కను అమ్మబోవడం లేదు కదా!

ఆపరేషన్ ఖాయమైతే దానికి ముందు రక్తపరీక్ష తప్పకుండా చేయించు. మీదాన్ని వీధిలోంచి తెచ్చావు, పిడుదులు ఉండే ఉంటాయి. మనవైపు పిడుదుల జ్వరం చాలా ఎక్కువ. పైకి హుషారుగా తిరుగుతూనే లోపల ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. అలాంటిదాన్ని కోస్తే నెత్తురు ఆగదు. వాళ్ళు "అవసరం లేదులెండి" అన్నా నువ్వే పట్టుబట్టు. ఆపరేషన్ ముందు ఎన్ని గంటల నుంచి తిండి మానిపించాలో వాళ్ళు చెబుతారు, ఆ రోజు మీ అత్తగారు జాలిపడి బిస్కెట్టు పెట్టకుండా చూడు.

ఇంటికి తెచ్చాక కుట్లు ఊడే దాకా, అంటే పది పద్నాలుగు రోజులు, మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ కోన్ కట్టి ఉంచాలి. కాలి కుట్టు నోటికి సులభంగా అందుతుంది, ఒక్క రాత్రిలో నాకి విప్పేస్తుంది. కట్టు తడిస్తే అదేరోజు మార్పించు. వేళ్ళు వాచినా, కట్టు దగ్గర వాసన వచ్చినా ఆగకు. అన్నిటికన్నా ముఖ్యం, ఈగ వాలనివ్వకు. వానాకాలంలో పుండు మీద ఈగ వాలిందంటే చూస్తుండగానే పురుగులు పడతాయి, ఆ బాధ ఇంకే జంతువుకూ వద్దు. నొప్పికి మీ ఇంట్లో మాత్రలు ఏవీ వెయ్యకు. ముఖ్యంగా ఇబుప్రొఫెన్ కుక్కకు విషం. మందు అక్కడి డాక్టరే రాస్తారు.

తీయకుండా ఉంచిన గోళ్ళ బాధ్యత నీది. మిగతా గోళ్ళు రోడ్డు మీద నడిచి అరుగుతాయి, పైగోరు పెద్దగా అరగదు. గుండ్రంగా తిరిగి పెరిగి పక్కనున్న మెత్తని చర్మంలోకే దిగుతుంది. బొచ్చు పామరేనియన్లలో ఇది మరీ ఎక్కువ. వయసై కుంటుతోందని తీసుకొస్తారు, వెంట్రుకలు పక్కకు తీసి చూస్తే గోరు మాంసంలో గుచ్చుకుని ఉంటుంది. అందుకని మూడు వారాలకోసారి చూసి కత్తిరించు. మన నెయిల్ కట్టర్ వాడొద్దు, గోరును నొక్కి చీలుస్తుంది. పెంపుడు జంతువుల షాపులో కటింగ్ ప్లేయర్‌లా ఉండే కట్టర్ దొరుకుతుంది, అది కొను. మొదట వారం రోజులు కత్తిరించకుండా, ఊరికే ఆ గోరు పట్టుకుని ఒక ఉడికించిన చికెన్ ముక్క పెట్టు, వదిలెయ్. కట్టర్ చప్పుడు వినిపించి ఇంకో ముక్క పెట్టు. కుక్క తానే కాలు ఇచ్చే దాకా తొందరపడకు.

తెల్లగోరైతే వెనకనుంచి ఫోన్ టార్చ్ వేస్తే లోపలి గులాబీరంగు జీవం (నెత్తురు, నరం ఉన్న భాగం) కనిపిస్తుంది, దానికి ఇవతలే కత్తిరించు. మీదానికి మూడు గోళ్ళు నల్లవి. వాటిని నువ్వుగింజంత చొప్పున తీస్తూ ప్రతిసారీ కోసిన చోటు చూడు. మధ్యలో తడిగా ముదురు చుక్క కనిపించగానే ఆపు. పొరపాటున నెత్తురొస్తే మొక్కజొన్న పిండి గాని, మెత్తగా దంచిన పటిక గాని అద్ది అయిదు నిమిషాలు నొక్కిపట్టు. పటిక కాస్త మండుతుంది, పిండితోనే మొదలుపెట్టు. మీ అమ్మ పసుపు అంటుంది. అద్దితే హాని లేదు గానీ నెత్తురు ఆపేది నీ వేలి ఒత్తిడే. మధ్యమధ్యలో తీసి చూడకు.

మీకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి మరీ దూరం కాదు. ఇక్కడివాళ్ళు నాలుగూ తీయాల్సిందేనని పట్టుబడితే అక్కడ ఇంకొకరి చేత చూపించు. వెనకకాళ్ళు పట్టి చూశాక, రక్తపరీక్ష వచ్చాక రెండూ కలిపి నాకు వాట్సాప్ చెయ్యి. ప్లేట్‌లెట్లు కుక్కకు మామూలుగా రెండు లక్షల పైన ఉండాలి. బాగా తక్కువుంటే ముందు జ్వరానికి మందు, తర్వాతే ఆపరేషన్.

ఇట్లు,
మీ మామయ్య